చివరి వరుసలో గుడగుడ

"శనివారంలోపు కొత్త యాంప్ రాకపోతే నువ్వు కూడా రానక్కర్లేదు."

అన్నయ్య ఆ మాట అరిచే అన్నాడు. కానీ చుట్టూ కప్పు దాకా పేర్చిన పరుపులు ఆ అరుపుని సగంలోనే మింగేశాయి. పరుపుల గోడౌన్‌లో ఎవరెంత కోపగించుకున్నా ముద్దుగానే వినిపిస్తుంది. పగలంతా అన్నయ్య అక్కడ పరుపులు అమ్ముతాడు. సాయంత్రమయ్యేసరికి షట్టర్ సగం దించి, అదే చోట బ్యాండుతో పాటలు సాధన చేస్తాడు.

బేసమ్మ గిటార్ పట్టీ భుజం మీంచి తీయకుండానే అతని వైపు చూసింది. అడుగు స్వరాలు పలికే బేస్ గిటార్ వాయిస్తుంది కాబట్టి బేసమ్మ. ఆ పేరు పెట్టింది కూడా ఈ అన్నయ్యే, పెదనాన్న కొడుకు. పెట్టిన రోజు ముద్దుగా పెట్టాడు. ఇప్పుడు పిలిచే తీరు వేరు.

"అంటే తప్పు నాదేనని తేల్చేశావన్నమాట," అంది.

"నేనేం తేల్చలేదు. మేనేజరమ్మ తేల్చారు. మొన్న హాల్లో ఏమన్నారు? 'మీ పాట బాగానే ఉండి ఉంటుంది బాబూ, చివరి వరుసలో నాకు మాత్రం గుడగుడ తప్ప ఏం వినపడలేదు' అన్నారు. బ్యాండులో గుడగుడలాడే వస్తువేది? నా గొంతా?"

"పొద్దున్నపూట ఒక్కోసారి," అన్నాడు డ్రమ్స్ వెనక నుంచి డాక్టరు. ఆయన పళ్ల డాక్టరు. పగలు జనం నోళ్లు తెరిపిస్తాడు, సాయంత్రం అన్నయ్య నోరు మూయించడానికి ప్రయత్నిస్తాడు. రెండో పని ఎప్పుడూ కుదరలేదు.

"నువ్వాగు డాక్టర్. ఇది నవ్వులాట కాదు."

కాదు, నిజమే. పాత సినిమా హాలు ఒకటి పాటల హాలుగా మారింది. మెత్తటి కుర్చీలు, ఎత్తయిన కప్పు, మంచి స్పీకర్లు. అక్కడ ప్రతి శనివారం సాయంత్రం వాయించేందుకు ఒక స్థిరమైన బ్యాండు కావాలి. మొదటిసారి వీళ్లు తప్పారు. ఎందుకో హాలు నడిపే మేనేజరమ్మకి జాలి కలిగి, వచ్చే శనివారం ఇంకొక్కసారి రమ్మంది. ఆ ఒక్కసారీ తప్పితే మరొకసారి ఉండదని కూడా చెప్పింది.

"కొత్త యాంప్ తెచ్చినా గుడగుడ పోకపోతే?" అడిగింది బేసమ్మ.

అన్నయ్య మైకు తీగని మోచేతికి చుట్టుకుంటూ చూపు పక్కకి తిప్పుకున్నాడు. "పోకపోతే బేస్ లేకుండానే కానిద్దాం. కొన్ని పాటలకి అవసరం కూడా లేదు. మాస్టారు ఉన్నారుగా."

"నన్నెందుకురా ఇందులోకి లాగుతావు?" అన్నారు మాస్టారు కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ. అన్నాచెల్లెళ్లిద్దరికీ చిన్నప్పుడు స్వరాలు నేర్పిన మనిషి ఆయన. వేలి కణుపులు వాచిపోయాయి, చెవి మాత్రం చెక్కుచెదరలేదు. "అమ్మాయి వాయింపులో నాకు తప్పేం కనపడలేదు."

"వాయింపు కాదు మాస్టారూ, పెట్టె. ఆ పెట్టె చూడండి!"

అందరూ చూశారు. గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె, బేసమ్మ పాత యాంప్, ఒక మూల చెక్క పెచ్చు లేచి, జాలీకి అడ్డంగా టేపు అంటించుకుని కూర్చుని ఉంది. స్విచ్ వేయగానే దాని లోపల ఏదో మూలుగుతుంది. నిజం చెప్పాలంటే తప్పు దానిదేనని ఆమెకీ గట్టి నమ్మకం. ఈ గోడౌన్‌లో బుద్ధిగా ఉండే శబ్దం హాల్లోకి వెళ్లగానే ఎందుకలా చెడిపోతుంది? ముసలి యాంప్, అంతే.

"శనివారానికి తెస్తాను," అంది.

*

"ఇది బాగుందా... ఇదా?"

మర్నాడు పొద్దున్న కళ్లద్దాల షాపులో ఆమె ఒకాయన కంటి ముందు అద్దాలు మారుస్తోంది. ఎదురుగా గోడ మీద అక్షరాల బోర్డు.

"ఇది," అన్నాడాయన.

"ఇది? లేక ముందుదా?"

"రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా. మీరే ఏదో ఒకటి చెప్పెయ్యండి."

"కన్ను మీది కదండీ. నేనెలా చెప్తాను?"

మధ్యాహ్నం సెలవు పెట్టి బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర పసుపుపచ్చ వ్యాను ఆగి ఉంది. ఆమె భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపాక మళ్లీ ఎక్కించుకునే దాకా మధ్యాహ్నం ఖాళీ. వెనక సీటు ఒకటి ఊడదీసి సిద్ధంగా ఉన్నాడు. చేతిలో కొలిచే టేపు.

"వ్యాను తలుపు ఇంత వెడల్పు," అన్నాడు టేపు చాపి చూపిస్తూ. "దీనికంటే పెద్దది కొన్నావంటే నువ్వూ అదీ నడిచి రావాలి."

"శబ్దం చూసి కొంటారండీ, తలుపు చూసి కాదు."

"మోసేది శబ్దాన్ని కాదుగా. పెట్టెని."

వాయిద్యాల షాపులో వెనక గది నిండా రకరకాల స్పీకర్ పెట్టెలు. షాపాయన బక్కపలచటి మనిషి. బేరమాడడు, నవ్వడు. ఏం కావాలో విన్నాక ఒక్క ప్రశ్న వేశాడు. "ఎక్కడ వాయిస్తారు?"

"హాల్లో. పాత సినిమా హాలు."

"ఎంతమందితో?"

చెప్పింది. ఆయన తలూపి రెండు పెట్టెల్ని ముందుకు లాగాడు. ఒకటి ఆమె నడుము ఎత్తు. లోపల పది అంగుళాల స్పీకర్లు నాలుగు. కదిలించడానికి ఆయన భుజం ఆనించాల్సి వచ్చింది. రెండోది దాంట్లో సగం. అవే స్పీకర్లు, కానీ రెండే. పైన ఒక పిడి. వాటిని నడిపించే యాంప్ మాత్రం అరచెయ్యంత మందాన ఉంది, పుస్తకాల సంచిలో పెట్టుకుని పోవచ్చు. రెండు పెట్టెలకీ అదే యాంప్ సరిపోతుంది.

"ఇది స్పీకరా, బీరువానా?" అన్నాడు ఆమె భర్త పెద్దదాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి. "దీంట్లో మన బట్టలన్నీ పట్టేస్తాయి."

బేసమ్మ చెవిన వేసుకోలేదు. షాపాయన అందించిన గిటార్ తీసుకుని పెద్దదానికి తగిలించి, అడుగు తీగని మీటింది.

గది అంతా నిండిపోయింది. అద్దాల బీరువాలోని చిన్న చిన్న సామాన్లు కిటకిటలాడాయి. పాదాల్లోంచి పైకి పాకి, కడుపులో కూర్చుంది ఆ స్వరం. ఆమెకి తెలియకుండానే నవ్వు వచ్చేసింది.

"ఇదే," అంది.

"వెనక్కి తిరగండి," అన్నాడు షాపాయన.

"ఆఁ?"

"గోడ వైపు తిరిగి వాయించండి. ఏది పెద్దదో కళ్లకి కనపడితే చెవి దానికే ఓటు వేస్తుంది."

ఆమె గోడ వైపు తిరిగింది. ఆయన తీగ మార్చాడు, మళ్లీ మార్చాడు, మార్చినట్టు నటించాడు. ఒకదాంట్లో స్వరం విశాలంగా, బరువుగా వచ్చింది. ఇంకోదాంట్లో కుదురుగా, అంచులు స్పష్టంగా వచ్చింది. ఏది ఏదో రెండుసార్లు సరిగ్గా చెప్పింది, మూడోసారి తప్పింది.

"ఇక్కడ మీరు ఒంటరిగా వాయిస్తున్నారు," అన్నాడాయన. "ఒంటరిగా ఉన్నప్పుడు అన్నీ అందంగానే ఉంటాయి. నలుగురిలో పెట్టి చూడాలి. ఇంకో మాట. మీ పాత పెట్టెని ఎక్కడ పెడతారు?"

"నేల మీద. నా వెనకాల."

"అంటే అది మీ మోకాళ్లకి పాట వినిపిస్తోందన్నమాట. మీకు చాలక శబ్దం పెంచుతారు. అది ఎదురుగా ఉన్నవాళ్ల చెవుల్లో పడుతుంది. చిన్నదైతే కుర్చీ మీద పెట్టుకోండి, చెవి దగ్గరికి."

"పెద్దదైతే?"

"కుర్చీ విరుగుతుంది."

అది హాస్యమో కాదో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. చివరికి ఆయనే దారి చెప్పాడు. గిరాకీలు పాటల వాళ్లయితే వినకుండా కొననివ్వడం తనకి అలవాటు లేదు. వ్యానులో వేసుకొచ్చిన పాత యాంప్ ఇక్కడ హామీగా వదిలి, రెండూ తీసుకుపోవచ్చు. హాల్లో పెట్టి చూసుకుని, అక్కర్లేనిది ఆదివారం తిరిగి తెచ్చివ్వాలి.

పెద్ద పెట్టె వ్యాను తలుపులో ఇరుక్కుంది. ఆమె భర్త దాన్ని ఏటవాలుగా తిప్పి, పడుకోబెట్టి, లేపి, చివరికి ఎలాగో లోపలికి నెట్టాడు. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని చాలాసేపు ఆకాశం వైపు చూశాడు.

"ఏవండీ, పట్టేసిందా?"

"లేదులే. మేఘాలు చూస్తున్నా."

*

గురువారం సాయంత్రం గోడౌన్‌లో పెద్ద పెట్టె మీద మొదటి పాట పూర్తవగానే అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

"అదీ! శబ్దమంటే అదీ! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు దీన్ని?"

"చిన్నది కూడా ఒకసారి వింటావా?"

"దేనికి? ఏనుగు ఇంట్లో ఉండగా కుందేలు ఎందుకు?"

అయినా ఆమె చిన్నదాన్ని ఒక స్టూలు మీద పెట్టి వాయించింది. పరుపుల మధ్య రెండూ శుభ్రంగానే ఉన్నాయి. తేడా అల్లా అన్నయ్య ముఖంలోనే. మాస్టారు తన చిన్న స్పీకరు పక్కన కూర్చుని రెండింటికీ తలూపారు. ఆ స్పీకరు రొట్టెల డబ్బా అంత ఉంటుంది. సాధనకి అది చాలని ఆయన వేరేది తెచ్చుకోరు. డాక్టరు మాత్రం చిన్నదానివైపే మొగ్గాడు. "నా కాలి డ్రమ్ముకి అది సరిగ్గా అతుకుతోంది" అన్నాడు. డాక్టరు మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. పని అయిపోయినట్టే. పెద్దది కొంటుంది, గుడగుడ పోతుంది, అన్నయ్య నోరు మూతపడుతుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం హాల్లో పెద్ద పెట్టె వేదిక మీదకి చేరింది. ముగ్గురు మోశారు. డాక్టరు తన వేళ్లు నలిగితే ఊరి పళ్లన్నీ పుచ్చిపోతాయని దారంతా బెదిరిస్తూనే ఉన్నాడు. మాస్టారి కీబోర్డు తీగ హాలు స్పీకర్లకి కలిపారు. వేదికకి రెండు పక్కలా నిలువెత్తు స్పీకర్లు, జనం వైపు తిరిగి ఉన్నాయి. అన్నయ్య హాలు శబ్దాన్ని సరిచేసే మీటల పెట్టె దగ్గర నిలబడి అన్నీ సరిచూశాడు.

మేనేజరమ్మ చివరి వరుసలో కూర్చుంది. మెళ్లో గొలుసుకి కళ్లద్దాలు, ఒళ్లో తాళాల గుత్తి. మొదటి పాట సగంలోనే చెయ్యెత్తి ఆపించింది.

"అదే గుడగుడ బాబూ. ఇంకా పెరిగింది."

అన్నయ్య ముఖం మాడిపోయింది. "చిన్నది పెట్టు," అన్నాడు పళ్లు కొరుకుతూ.

చిన్నదాన్ని కుర్చీ మీదకి ఎక్కించారు. పాట మొదలైంది. బేసమ్మకి తన స్వరం ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు. ప్రతి మీటూ చెవి పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఈసారి కుదిరిందనుకుంది.

"కాస్త తగ్గింది," అంది మేనేజరమ్మ. "కానీ ఉంది. మాటలు తెలియట్లేదు." ఇంతలో ఆమె ఫోను మోగింది. మాట్లాడుతూ బయటికి వెళ్లింది.

తలుపు మూసుకునే దాకా అన్నయ్య ఆగాడు. తర్వాత ఆగలేదు.

"చూశావా? పెట్టె కాదు. పెట్టెలు మార్చాం, మనిషిని మార్చలేదు. అదీ తేడా."

"రేయ్," అన్నారు మాస్టారు.

"మీరుండండి మాస్టారూ. ప్రతి శనివారం ఇక్కడ వాయించే అవకాశం పోతోంది. చెల్లీ, నీ మీద నాకేం కోపం లేదు. కానీ రేపటికి నువ్వు కింద కూర్చో. ఇప్పుడే కూర్చో. నువ్వు లేకుండా ఎలా ఉంటుందో చూద్దాం."

డాక్టరు డ్రమ్ము కర్రల వంక చూసుకున్నాడు. బేసమ్మ తీగ ఊడదీసి, గిటార్‌ని గోడకి ఆనించింది. అది జారకుండా రెండుసార్లు సర్దింది, సర్దాల్సిన అవసరం లేకపోయినా. మెట్లు దిగి, కుర్చీల మధ్య దారిలో వెనక్కి నడుస్తుంటే తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. చివరి వరుసలో ఆమె భర్త నడుముకి పట్టీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది. అతను చేతిరుమాలు అందించాడు. ఆమె పుచ్చుకోలేదు.

పైన పాట మొదలైంది.

ఆమె ఈ హాల్లో వాయించిందే గాని ఎప్పుడూ వినలేదు. అన్నయ్య గొంతు కప్పుకి తగిలి తియ్యగా దిగుతోంది. డ్రమ్ములు పొడిగా, బాగున్నాయి. చరణం దగ్గరికి వచ్చేసరికి అడుగునుంచి ఏదో బురదలా పైకి లేచి మాటల్ని ముంచేసింది.

గుడగుడ.

ఆమె భర్త తల తిప్పి ఆమె చేతుల వైపు చూశాడు. ఖాళీగా ఉన్నాయి.

"ఏమోయ్," అన్నాడు మెల్లిగా, "నువ్వు ఇక్కడున్నావు కదా?"

"ఉన్నాను."

"మరి అక్కడ ఎవరు?"

ఆమె లేచి నిలబడింది. వేదిక మీద తాను నిలబడే చోటి నుంచి మాస్టారి వీపు తప్ప ఏమీ కనపడదు. ఇక్కడి నుంచి కీబోర్డు మొత్తం కనపడుతోంది. ఆయన కుడి చెయ్యి పాట వెంట నడుస్తోంది. ఎడం చెయ్యి, దాని పాటికి అది, అడుగు స్వరాల మీద తీరిగ్గా, ఆపకుండా తొక్కుకుంటూ పోతోంది. ఆ స్వరాలన్నీ నిలువెత్తు స్పీకర్లలోంచి తిన్నగా జనం మీదకి వస్తున్నాయి. గోడౌన్‌లోని రొట్టెల డబ్బాకి అంత లోతు స్వరం పలికే శక్తే లేదు. పలికిన కాస్తా పరుపులు తినేస్తాయి. వేదిక మీద ఉన్నవాళ్లకి ఆ స్పీకర్ల వీపే తప్ప ముఖం వినపడదు.

ఇన్నాళ్లూ ఈ హాల్లో రెండు బేసులు మోగాయి. ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటూ.

"చెప్పు!" ఆమె భర్త మోచేత్తో పొడిచాడు. "ఇప్పుడే చెప్పు. నేను అరవనా?"

బేసమ్మ నోరు తెరిచింది. పైన అన్నయ్య కళ్లు మూసుకుని పాడుతున్నాడు. ఒక్క మాట అంటే చాలు. ఇందాక తన మీద విరుచుకుపడ్డ గొంతే మాస్టారి మీదకి మళ్లుతుంది. మాస్టారు ఎదురు చెప్పరు. కీబోర్డు మీద గుడ్డ కప్పి, గొడుగు తీసుకుని మెల్లిగా మెట్లు దిగుతారు. మళ్లీ ఎక్కరు. ఆయన్ని ఆమె చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"కూర్చోండి," అంది భర్తతో.

"నీకేమైనా పిచ్చా? రేపు నిన్ను కూర్చోబెడతానంటున్నాడు మీ అన్నయ్య!"

"రేపు ఇంకా రాలేదుగా."

పాట అయిపోయింది. "ఎలా ఉంది?" అని పైనుంచి కేకేశాడు అన్నయ్య.

మేనేజరమ్మ ఇంకా లోపలికి రాలేదు. హాల్లో జవాబు చెప్పగలవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకాయన పెళ్లాం ముఖం చూసి నోరు కుట్టేసుకున్నాడు.

"నీ గొంతు బాగుంది," అంది బేసమ్మ.

*

శనివారం పొద్దున్న పసుపుపచ్చ వ్యాను మాస్టారి ఇంటి ముందు ఆగింది.

"ఇంత పొద్దున్నే ఏంటమ్మాయ్?"

"మాస్టారూ, సాయంత్రం వాయించినా వాయించకపోయినా పెట్టె మాత్రం కొంటాను. ఏది కొనాలో తేలట్లేదు. మీ చెవి తప్ప నాకు దిక్కులేదు."

ఆయన చొక్కా మార్చుకుని వచ్చారు. చెవి మీద నమ్మకం ఉందంటే ఆయన ఎంత దూరమైనా వస్తారు.

కాపలా మనిషి హాలు తలుపు తెరిచాడు. బేసమ్మ మాస్టారిని చేయి పట్టుకుని చివరి వరుసలో కూర్చోబెట్టింది. పైకెక్కి ముందు పెద్ద పెట్టె మీద వాయించింది, తర్వాత చిన్నదాని మీద. నిన్నటి పాటే, నిన్నటి అంత గట్టిగానే. ఖాళీ హాల్లో ఒక్కొక్క స్వరం గుండ్రంగా లేచి, వెనక గోడ దాకా నడిచి వెళ్లి ఆగింది.

"పెద్దది గొప్పగా ఉంది," అన్నారు మాస్టారు అక్కడినుంచే. "చిన్నది విషయం చెప్తోంది. చిన్నదే తీసుకో." తల ఒక పక్కకి వంచారు. "అమ్మాయ్, ఇంకోసారి వాయించు."

వాయించింది.

"దీంట్లో గుడగుడ ఏదీ?"

ఆమె తీగల మీద అరచెయ్యి ఆనించి శబ్దం ఆపింది. ఆయన ఆమె ముఖం వైపు చూశారు. తర్వాత వేదిక మీద గుడ్డ కప్పి ఉన్న తన కీబోర్డు వైపు చూశారు. కుర్చీల చేతులు ఒక్కొక్కటీ పట్టుకుంటూ ముందుకి వచ్చారు. మెట్లెక్కారు. గుడ్డ మడత పెట్టి పక్కన ఉంచారు.

"అబ్బాయ్!" అని పిలిచారు ఆమె భర్తని. "వెనక కూర్చుని ఏం వినపడితే అది గట్టిగా చెప్పు. మొహమాటపడకు. నువ్వు మొదలెట్టమ్మా."

ఇద్దరూ కలిసి వాయించారు.

"గుడగుడ!" వెనక నుంచి కేక.

మాస్టారు ఎడం చెయ్యి ఎత్తేశారు.

"పోయింది!"

మళ్లీ దించారు.

"వచ్చింది!"

ఎత్తారు.

"పోయింది మాస్టారూ! ఆఁ, మళ్లీ వచ్చింది! ఇదేదో కుళాయిలా ఉందే!"

మాస్టారికి నవ్వు వచ్చింది. నవ్వుతూనే స్టూలు మీద కూలబడి, ఎడం చేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయి వాళ్ల చెయ్యేమో అన్నట్టు దాని వంక చూశారు. "హోటళ్లలో ఒక్కణ్ణే వాయించేవాణ్ణి. పక్కన బేస్ ఎవడున్నాడు గనక? అన్నీ నేనే. ఇది పని చేస్తున్నట్టు కూడా నాకు తెలియదు, చూడు." తల పైకెత్తారు. "నీకు నిన్ననే తెలుసు కదూ?"

"ఆఁ."

"నిన్ననే చెప్పి ఉంటే, నేను కాదనేవాణ్ణి కాదుగా?"

"మీరు కాదనరు. మీరు లేచి వెళ్లిపోతుంటే అన్నయ్యా కాదనడు. అదే భయం వేసింది."

ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నారు. తర్వాత రెండు చేతుల్నీ కుడివైపు పై స్వరాల మీదకి జరిపి, ఆమెకి తెలియని ఒక వరస మొదలుపెట్టారు. తేలిగ్గా, పక్షులు వాలినట్టు. "అడుగు నువ్వు చూసుకో," అన్నారు. "పైన ఇంత చోటు ఉందని ఇన్నాళ్లూ నాకు తట్టనేలేదు."

మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆ వేదిక దిగలేదు. కొన్ని పాటలకి ఎడం చెయ్యి మాట వినలేదు. కిందికి జారినప్పుడల్లా వెనక నుంచి "కుళాయి!" అని కేక వచ్చేది. ఆమె భర్తకి జీవితంలో ఇంతటి అధికారం ఎప్పుడూ దక్కలేదు.

*

సాయంత్రం అన్నయ్య తెల్లచొక్కా వేసుకుని వచ్చేసరికి బేసమ్మ వేదిక మీద గిటార్ శ్రుతి చేసుకుంటోంది.

"చెల్లీ, నిన్ననే అనుకున్నాం కదా..."

"అమ్మాయి వాయించకపోతే నేనూ వాయించను," అన్నారు మాస్టారు, తల ఎత్తకుండానే.

"మాస్టారూ! ఇప్పుడా ఈ పంతం? జనం వస్తున్నారు!"

"వస్తున్నారు కాబట్టే ఇప్పుడు."

అన్నయ్య డాక్టరు వైపు చూశాడు. డాక్టరు భుజాలెగరేశాడు. "నాకూ పన్ను నొప్పిగా ఉంది. ఆమె లేకపోతే ఇంకా పెరిగేలా ఉంది."

తలుపులు తెరుచుకున్నాయి. మేనేజరమ్మ తాళాలు గలగలలాడించుకుంటూ చివరి వరుసలోకి వెళ్లి కూర్చుంది. ఇక వాదించే వ్యవధి లేదు. కొరివి మింగినవాడిలా అన్నయ్య మైకు అందుకున్నాడు.

మొదటి పాట పల్లవి అయింది. చరణం వచ్చింది. అన్నయ్య చివరి వరుస మీంచి చూపు తిప్పట్లేదు. ఆ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని భుజాలు బిగించి పాడుతున్నాడు. చెయ్యి లేవలేదు. రెండో పాటలో మేనేజరమ్మ కళ్లద్దాలు తీసి గొలుసుకి వదిలేసింది. మూడో పాటకి వెనక వరుసల్లో ఎవరో అన్నయ్యతో గొంతు కలిపారు. మాటలు వినపడితేనే కదా కలుపుతారు. అన్నయ్య భుజాలు దిగాయి. నాలుగో పాట నుంచి నిజంగా పాడటం మొదలుపెట్టాడు.

బేసమ్మ ఎవరినీ చూడలేదు. కుర్చీ మీద చిన్న పెట్టె ఆమె చెవి పక్కనే కబుర్లు చెప్తోంది. అడుగు స్వరాల నేల మొత్తం ఆమెదే. పైన మాస్టారి రెండు చేతులూ ఎక్కడెక్కడో తిరిగి, ప్రతి పాట చివరా వచ్చి ఆ నేల మీదే వాలాయి. శబ్దం ఇంకొంచెం పెంచుదామా అని ఒక్కసారి కూడా అనిపించలేదు.

విరామంలో మేనేజరమ్మ వేదిక దగ్గరికి వచ్చింది.

"ప్రతి మాటా వినపడింది. వచ్చే శనివారం నుంచి మీరే," అంది. "అదిసరే గాని, ఒక్క రోజులో ఏం మార్చారు బాబూ?"

అన్నయ్య ఛాతీ విరుచుకున్నాడు. "కొత్త యాంపండీ. నేనే పట్టుబట్టి..."

"నన్ను మార్చారమ్మా," అన్నారు మాస్టారు.

మాస్టారు కీబోర్డు ముందు లేచి నిలబడి, దాచకుండా, తొందరపడకుండా మొత్తం చెప్పారు. ఎడం చెయ్యి సంగతి, రొట్టెల డబ్బా సంగతి, పొద్దున ఈ హాల్లో జరిగిన సంగతి. "అమ్మాయి నిన్ననే కనిపెట్టింది. నలుగురిలో అనకుండా, పెట్టె ఎంచిపెట్టమని నన్ను పిలుచుకొచ్చింది. గుడగుడ నాదే."

మేనేజరమ్మ బేసమ్మని ఎగాదిగా చూసి, ఆమె భుజం తట్టి వెళ్లిపోయింది.

అన్నయ్య మైకు తీగ మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. విరామం తర్వాత ఇంకా పాడాల్సినవి ఉన్నాయని గుర్తొచ్చి, మళ్లీ విప్పాడు. విప్పుతూ చెల్లెలి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నిన్న అడిగితే నా గొంతు బాగుందన్నావు."

"బాగుంది కాబట్టే అన్నాను."

"కింద కూర్చోమన్నాను నిన్ను."

"కూర్చోబట్టే తెలిసింది."

అతను అటూ ఇటూ చూశాడు. "అయితే తప్పు యాంప్‌ది కాదన్నమాట. పెట్టెలు రెండూ రేపు తిరిగి ఇచ్చేయొచ్చు. అనవసరంగా నీకు ఖర్చు పెట్టించాను."

"పెద్దది ఇచ్చెయ్," అంది బేసమ్మ. "నువ్వే మొయ్యి. మీ బావగారి నడుం పట్టేసింది."

"మరి చిన్నది?"

హాల్లో దీపాలు మళ్లీ తగ్గుతున్నాయి. ఆమె గిటార్ పట్టీ భుజానికి వేసుకుని, కుర్చీ మీది పెట్టెని ఇంకాస్త తన వైపు తిప్పుకుంది.

"అది నీకోసం తెచ్చింది కాదన్నయ్యా. నాకోసం," అంది. "పద, పాట అందుకో."